మూడు మూరల బైండింగు షాపు

ఇది చాలా చిన్న సంగతి. చేతిలో టీ గ్లాసు ఉంటే అది చల్లారేలోపు అయిపోతుంది. బైండింగు షాపులో ఇద్దరు పనిచేసేవాళ్ళు, ఇప్పుడు ఒక్కరే చేస్తున్నారు. అంతే. కానీ ఆ ఒక్కరు ఎవరో చెప్పాలంటే ముందు గోడల సంగతి చెప్పాలి. గోడల సంగతి చెప్పాలంటే లెక్కలాయన గురించి చెప్పాలి. లెక్కలాయన పేరెత్తాక సెలూనాయన బావమరిదిని వదిలేసి వెళ్ళడం మర్యాద కాదు.

లెక్కలాయన ఏడాదికోసారి వస్తాడు. చంకలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద కాగితాలు. ప్రతి షాపు ముందూ నిలబడి ఒకే గొంతుతో ఒకే ప్రశ్నలు అడుగుతాడు. యజమాని ఆడా, మగా? వయసెంత? పనివాళ్ళెంతమంది? పోయినేడాదికంటే పెరిగారా, తగ్గారా? వయసు అడిగినప్పుడు మా వీధిలో మగవాళ్ళే ఎక్కువసేపు ఆలోచిస్తారు. బట్టల షాపాయన నాలుగేళ్ళుగా యాభై ఎనిమిది దగ్గరే ఆగి ఉన్నాడు.

లెక్కలాయన వచ్చి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గోడలు జరుగుతాయి. మనుషులు పెరిగిన షాపు గోడ పక్క షాపులోకి మూర జరుగుతుంది, పక్క షాపు అంతమేర సన్నబడుతుంది. రెండింటికే ఎందుకంటే అప్పటికి అందరి భోజనాలూ అయిపోతాయి. అంతకుమించి కారణం ఎవరూ వెతకలేదు. గోడ వెనక్కి వెళ్ళిన దాఖలా మాత్రం లేదు. చప్పుడుండదు, పెచ్చు ఊడదు. గోడ పక్కన మనిషి కూర్చుని ఉంటే నొప్పి తెలియకుండా ఆ మనిషిని అవతలికి వదిలి తన దారిన తాను వెళ్తుంది. అలా అవతల తేలినవాళ్ళు ఇక ఆ షాపు మనుషులే. నలభై ఏళ్ళు చెప్పులకి తోలు కోసిన పెద్దమనిషి ఇప్పుడు పక్క షాపులో పండ్లరసం తీస్తున్నాడు. పండు చేతికిస్తే ఇప్పటికీ ముందు దాని మడమ ఎటుందా అని తిప్పి చూస్తాడు.

మొదట్లో జనం తెలివి చూపించారు. లెక్కలరోజున చుట్టాలను తెచ్చి షాపుల్లో నిలబెట్టారు. సెలూనాయన బావమరిది ఒక్కడే ఆ పూట సెలూన్లో కత్తెర పట్టుకుని, కళ్ళజోళ్ళ షాపులో కళ్ళజోడు పెట్టుకుని, తాళాల షాపులో ఏదీ పట్టుకోకుండా మూడు ఉద్యోగాలు చేశాడు. లెక్కలాయన ముగ్గుర్నీ రాసుకున్నాడు. ఆయన పని రాసుకోవడం. ఆ ఏడు మా వీధిలో ఉపాధి బ్రహ్మాండంగా పెరిగిందని పైఆఫీసు నివేదికలో వచ్చింది. గోడలు నివేదికలు చదవవు. మర్నాడు సెలూను మూర తగ్గింది. బావమరిది మూడు కొలువులూ మానేసి తన పాత పనికి, అంటే నిద్రకి, వెళ్ళిపోయాడు.

సరే, బైండింగు షాపు.

ఒకప్పుడు దాని వెడల్పు పద్నాలుగు మూరలు. ఏడుగురు పనివాళ్ళు. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీ పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఎప్పుడు చూసినా నడుమెత్తు గుట్టలు. తర్వాత ఆఫీసులు కంప్యూటర్లు కొనుక్కున్నాయి. ఎడంపక్క పార్సిళ్ళ షాపు తెరిచారు. ఆ షాపులో ఏటా మనిషి మీద మనిషి చేరాడు, ఏటా ఎడమ గోడ మూర లోపలికొచ్చింది. పదకొండేళ్ళు, పదకొండు మూరలు. మా వీధిలో పిల్లలకి తీసివేతలు ఈ షాపు చూపించే నేర్పుతారు.

మిగిలిన మూడు మూరల్లో ఇద్దరు మనుషులు. ఎడమ గోడకి ఆనుకుని సొరుగు బల్ల, దాని వెనక యజమాని బైండింగాయన. అరవై మూడేళ్ళు. అట్ట కోస్తే కొలబద్దకి సిగ్గేయాలి, మనిషితో ఒక్క మాట తిన్నగా చెప్పాలంటే మాత్రం వారం పడుతుంది. కుడి గోడ పక్కన ముక్కాలిపీట మీద సూదక్క. యాభై దాటాయి. ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్కడే కూర్చుని కాగితాల కట్టలు కుడుతోంది. పనిచేసేది సూదితో, మాట్లాడేదీ దాదాపు దాంతోనే. వెనకున్న, పుస్తకాలు నొక్కిపెట్టే ప్రెస్సు దగ్గరికి ఎవరైనా వెళ్ళాలంటే ఇద్దరూ లేచి వీధిలోకొచ్చి, ముందెవరు వెళ్ళాలో తేల్చుకుని మళ్ళీ లోపలికి దూరాలి. రోజుకి పదిసార్లు. వీధిలో ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు.

ఈసారి గోడ వస్తే రెండు మూరలే మిగులుతాయి. బల్ల పోను ఒక్క మనిషికే చోటు. ఇన్నేళ్ళూ ఆ పూటకి బైండింగాయన బల్లని ముందే కుడివైపుకి జరుపుకుని తప్పించుకునేవాడు, ఇప్పుడు జరపడానికి చోటు లేదు. పార్సిళ్ళ షాపు ముందు బళ్ళు రెట్టింపయ్యాయి కాబట్టి గోడ వస్తుందని అందరికీ తెలుసు.

సూదక్క ఉండేది తమ్ముడింట్లో. ఆమె ఇంకా పనిలో ఉండగానే మరదలు కొత్త ఏర్పాట్లు ఆలోచించి పెట్టింది. "పని పోతే పోయిందిలే వదినా, ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అంది. ఖాళీ అంటే ఇద్దరు పిల్లలు, మంచంలో ఉన్న మరదలి తల్లి, వంటిల్లు, పైన డాబా మీద బట్టలు. పొద్దున తొమ్మిదింటికి సూదక్క చెప్పులేసుకుని ఆ గుమ్మం దాటడానికి ఉన్న ఒకే ఒక్క సాకు ఆ ముక్కాలిపీట.

లెక్కలాయన వచ్చాడు.

"పనివాళ్ళు?"

"ఒకరు," అన్నాడు బైండింగాయన.

"పోయినేడు?"

"ఒకరే."

"పెరిగే ఉద్దేశం ఉందా?"

బైండింగాయన షాపులో అటూ ఇటూ చూశాడు. చూడటానికి పెద్దగా సమయం పట్టలేదు. "ఎటు పెరగమంటారు?" అన్నాడు. ఆ జవాబుకి గడి లేదు గనక లెక్కలాయన ఏదీ రాయలేదు.

మర్నాడు పొద్దున బైండింగాయన గొంతు సవరించుకున్నాడు. మూడుసార్లు సవరించుకున్నాక సూదక్కే అడిగింది.

"దగ్గా, మాటా?"

"అహ, ఏం లేదు అమ్మాయ్. ఈ ఎడంపక్క వెలుతురు బాగుంటుంది. నువ్విక్కడ కూర్చో, నేనక్కడ కూర్చుంటా."

"ఇరవై తొమ్మిదేళ్ళు చీకట్లో కుట్టించి ఇవాళ గుర్తొచ్చిందా మాస్టారూ, వెలుతురు?"

"అలా కాదు..."

"గోడ నన్ను అటు పట్టుకుపోవాలి. అంతేనా?"

బైండింగాయన సొరుగు తీసి, మూసి, మళ్ళీ తీశాడు. "పార్సిళ్ళ షాపంటే పెరిగే షాపు. అక్కడైతే నీ ఉద్యోగం పదేళ్ళు చెక్కుచెదరదు. ఇక్కడ నా దగ్గర ఏముంది చెప్పు?"

"అక్కడ నా సూదికి పనేముంది?"

"స్టిక్కర్లు అంటించాలి. జిగురు పనేగా, నీకు కొత్తా?"

"స్టిక్కరుకి జిగురు వాళ్ళే పూసి పంపుతారు మాస్టారూ," అంది సూదక్క. అని, కుట్టు ముగించి, దారం తెంపి, లేచింది. ఒప్పుకుని లేచిందా, వాదించే ఓపిక లేక లేచిందా అన్నది ఎవరూ అడగలేదు. వెళ్ళడానికి ఆమెకి రెండే చోట్లున్నాయి, రెండోది మరదలి ఇల్లు.

ఇక్కడ వీధి రెండుగా చీలింది. ఆయన ఆమె మంచికే చోటు మార్చాడని సగంమంది. ఎడమ గోడ పక్కనే ఉంటే తనే కొట్టుకుపోయి అరవై మూడో ఏట పార్సిలాయన కింద పనివాడవుతాడని భయపడ్డాడని మిగతా సగం. రెండూ నిజమై ఉండొచ్చు. ఒక మంచి పని తన ప్రాణానికి కూడా హాయిగా ఉంటే ఎవరు మాత్రం కాదంటారు?

పన్నెండున్నరకి ఇద్దరూ డబ్బాలు తెరిచి తిన్నారు. ఒకటిన్నరకి సూదక్క సొరుగు బల్ల వెనక ఎడమ గోడకి వీపానించి కూర్చుంది. సూదులు, మైనం ముద్ద, దారపుండలు గుడ్డసంచిలో పెట్టి సంచి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కోసం కూర్చున్నట్టు. బైండింగాయన ముక్కాలిపీట మీద కూర్చుని స్కూలువాళ్ళ పుస్తకానికి అట్ట తొడుగుతున్నాడు. ఎదురు షాపులవాళ్ళు కుర్చీలు బయటికి తెచ్చుకున్నారు.

"భయంగా ఉందా అమ్మాయ్?"

"మీరు ఆ అట్ట తలకిందులుగా పెడుతున్నారు."

ఆయన చూసుకుని తీసి మళ్ళీ పెట్టాడు.

రెండైంది. ఎడమ గోడ కదల్లేదు.

కుడి గోడ కదిలింది.

కుడిపక్క ఉన్నది ఆడవాళ్ళ బ్యూటీ పార్లరు. పెట్టి మూడేళ్ళయింది. తలుపుకి మందపాటి తెర. లోపల ఎంతమంది పనిచేస్తున్నారో మా వీధి మగవాళ్ళు ఒక్కరూ తొంగిచూసిన పాపాన పోలేదు. ఆడవాళ్ళకి తెలుసు గానీ వాళ్ళనెవరూ అడగలేదు. మొదటి రెండేళ్ళూ ఇద్దరితోనే నడిచిన పార్లరులో ఆ ఏడాది ఏడుగురయ్యారు. పార్సిళ్ళ షాపుకి మాత్రం పదిహేను రోజుల కింద ఒక పెద్ద పెట్టె వచ్చింది. అందరం అదీ ఓ పార్సిలే అనుకున్నాం. అది పార్సిళ్ళను వేరుచేసే యంత్రం. పన్నెండుమందిలో ఆరుగురు ఆ వారమే ఇళ్ళకెళ్ళిపోయారు. బళ్ళు రెట్టింపు, మనుషులు సగం. గోడలు బళ్ళను లెక్కపెట్టవు.

బైండింగాయన చేతిలో అట్టతో, ముక్కాలిపీటతో సహా, పార్లరులో తేలాడు. ఎదురుగా అద్దం. పక్కన ఒకావిడ మొహం నిండా తెల్లటి పూతతో కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఆవిడ కళ్ళు తెరవకుండానే "కొంచెం మెల్లగా రుద్దండి" అంది.

పార్లరమ్మ వచ్చి చూసింది. "వచ్చేశారా బాబాయ్ గారూ? కూర్చోండి. మీకు తువ్వాళ్ళు మడతపెట్టడం వచ్చా?"

"అమ్మా, నేను పక్క షాపు యజమానిని."

"రెండింటిదాకా బాబాయ్ గారూ," అంది ఆవిడ. నొప్పించాలని కాదు, జరిగింది చెప్పింది.

ఆయన బయటికొచ్చి తన షాపు గుమ్మంలో నిలబడ్డాడు. సొరుగు బల్ల, దాని వెనక సూదక్క, రెండు పక్కలా గోడలు. కాలు లోపల పెట్టాడు. మోకాలు బల్లకి తగిలింది. పక్కకి తిరిగి దూరబోయాడు. భుజం పట్టింది గానీ పొట్ట పట్టలేదు. సూదక్క తనే లేచి బయటికి రాబోయింది.

"కూర్చో. నువ్వొచ్చినా నేను అక్కడివాణ్ణే. ఇద్దరం వీధిలో నిలబడాల్సిందే."

ఆమె కూర్చుంది. ఎదురు షాపులవాళ్ళు కుర్చీలు లోపలికి తీసుకెళ్ళిపోయారు.

"నేనా పీట మీదే కూర్చుని ఉంటే..." అంది సూదక్క.

"ఊఁ."

"నాకు ఉద్యోగం ఉండేది. మీకు షాపు ఉండేది."

"ఊఁ అన్నానుగా అమ్మాయ్."

"స్కూలువాళ్ళ పుస్తకాలు ఎప్పటికివ్వాలి?"

"గురువారం. పుస్తకం వీపుకి గుడ్డ ఎర్రది వేయమన్నారు." ఆయన చేతిలో అట్ట ఆమెకందించాడు. పక్కనుంచి పార్లరమ్మ పిలిచింది. వెళ్ళాడు.

మరుసటేడు లెక్కలాయన వచ్చాడు. బైండింగు షాపు: యజమాని ఆడ, వయసు యాభై రెండు, పనివాళ్ళు లేరు. షాపు చేతికెలా వచ్చింది, కొనుక్కున్నారా, వారసత్వమా అని అడిగాడు. సూదక్క కుడి గోడ వైపు చూపించింది. గోడకి గడి లేదు. ఆయన వారసత్వం అని టిక్కు పెట్టి పార్లరుకి వెళ్ళాడు. కొత్తగా చేరినవాళ్ళెవరని అడిగితే పార్లరమ్మ చెప్పింది, ఆయన రాసుకున్నాడు. మగ. వయసు అరవై నాలుగు. పని తువ్వాళ్ళు మడతపెట్టడం, నేల ఊడవడం. అనుభవం లేదు.