తలుపు మీద చెయ్యి

కైరోలో బక్రీదుకి రెండు రకాల నెత్తురు పారుతుంది. ఒకటి పొట్టేళ్లది, రెండోది సినిమాలది. పండగ మాంసం అరగాలంటే తెర మీద ఎవరో ఒకరు చావాలి మరి, జనం ఊరికే టిక్కెట్టు కొంటారా? అలా చచ్చేవాళ్లలో ఇన్షిరాహ్ ముప్పై ఏళ్లుగా ఉంది. బావిలో శవం, సోఫా వెనక శవం, ఒకసారి పెళ్లికూతురి బీరువాలో శవం. ఒక్కదానికీ నోరు విప్పే పని లేదు.

ఈసారి మాట్లాడే వేషం దొరికింది, హంతకుడి తల్లిగా. వాడు పండగ పొద్దున ఒకణ్ణి పొడిచి, నెత్తుటి చేత్తో వీధి తలుపు ఆనుకుని పారిపోతాడు. కోసిన పొట్టేలు నెత్తుటిలో చెయ్యి ముంచి తలుపు మీద అచ్చు వేయడం అక్కడి ఆనవాయితీ కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చిటికెన వేలు లేని ఆ అచ్చు చూసి తల్లి మాత్రం ఇన్‌స్పెక్టరుతో "ఇది నా కొడుకు చెయ్యే" అంటుంది. ఆ ఒక్క ముక్కనే ఇన్షిరాహ్ వంటింట్లో, బస్సులో, నిద్రలో కూడా వల్లె వేసుకుంది. ఇదీ పోతే ఇక సినిమాలకో దణ్ణం అని తీర్మానించుకుంది. చచ్చీ చచ్చీ ప్రాణం విసిగిపోయింది.

దర్శకుడు షాహిర్‌కి అసలు సిసలు పండగ వీధి కావాలి. అందుకని ముందురోజు సాయంత్రమే సయ్యిదా జైనబ్ పేటలో ఒక పాత మేడ తలుపు మీద ఎర్రరంగుతో ఆ నాలుగు వేళ్ల చెయ్యి వేయించాడు. పొద్దున నమాజూ పొట్టేళ్ల కోతా అయ్యాక సినిమావాళ్లంతా వచ్చి చూస్తే తలుపు మీద వేలు పెట్టేంత ఖాళీ లేదు. పెద్దవీ చిన్నవీ, ఎక్కడ చూసినా చేతులే.

"నా చెయ్యేదిరా?" షాహిర్ గావుకేక పెట్టాడు.

మేడ కాపలాదారు మర్జూక్ బిత్తరపోయాడు. "మీ చేతులు మీకే ఉన్నాయిగా ఉస్తాద్."

"తలుపు మీదిది! నిన్న మావాళ్లు వేసింది!"

"అది మీదా? ఎవరో పాపం వేలు కూడా సరిగా పడకుండా వేసి పోయారనుకున్నాం. పండగ పూట అరకొరగా ఉంటే బాగోదని దాని మీదే మా ఆవిడ చేత నిండుగా వేయించాను. పండగ శుభాకాంక్షలు!"

షాహిర్ నెత్తి పట్టుకున్నాడు. "ఈ సీను తీసేద్దాం. కొడుకుని ఫోన్ సిగ్నల్‌తో పట్టిద్దాం. హాజ్జా, నువ్వింటికెళ్లి పండగ చేసుకో," అన్నాడు ఇన్షిరాహ్‌తో. పెద్దావిడల్ని అక్కడ అలాగే పిలుస్తారు.

ఇన్షిరాహ్ తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఎక్కడికీ వెళ్లను. కెమెరా తిప్పించు నాయనా, నేను వెతుక్కుంటాను."

"కనపడి చస్తేగా వెతకడానికి!"

"నా కొడుకు చెయ్యి నాకు తెలీదా?"

అందరూ నవ్వారు. షాహిర్ వాదించే ఓపిక లేక కుర్చీలో కూలబడ్డాడు. "సరే, తిప్పండి."

ఇన్‌స్పెక్టరు వేషగాడు మీసం సర్దుకున్నాడు. "వీటిలో తెలిసిన చెయ్యి ఏదైనా ఉందా హాజ్జా?"

ఇన్షిరాహ్ ఒక్కో చేతినీ తడుముతూ పోయింది. కొన్ని ఇంకా ఆరలేదు, వేళ్లకు అంటుకుంటున్నాయి. మర్జూక్ పెళ్లాం చేతి కింద ఒకచోట నిన్నటి నాలుగు వేళ్ల రంగు తొంగి చూస్తోంది. కొడుకు దొరికాడు. నోరు తెరిచింది. వల్లె వేసిన ముక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కన్నతల్లి ఆ మాట ఎలా అంటుంది? నల్ల ముసుగు కొంగుతో ఆ చేతిని గట్టిగా రుద్దింది, అంతా ఒక్క మరకయ్యేదాకా.

"అన్నీ పొట్టేలు నెత్తురే ఇన్‌స్పెక్టరు పాషా. మీ ఇంట్లో పండగ లేదా? వెళ్లి భోంచేయండి."

స్క్రిప్టులో లేని ఈ మాటకి ఇన్‌స్పెక్టరు మళ్లీ మీసం సర్దుకున్నాడు. షాహిర్ కట్ చెప్పి కుర్చీలోంచి లేచాడు.

"డైలాగు అది కాదుగా హాజ్జా," అన్నాడు.

"కాదు."

"ఇదే ఉంచండి," అన్నాడు కెమెరావాడితో.

ఇన్షిరాహ్ మెట్టు మీద కూర్చుండిపోయింది. సంతోషం రావాలి కానీ రాలేదు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడి అంతా చూసిన ముసలావిడ ఒకతె, ఆ మేడలో ఉండేదే, వచ్చి, మాంసం, రొట్టె, అన్నం కలిపిన గిన్నె ఆమె ఒళ్లో పెట్టింది. సినిమా అని ఆవిడకీ తెలుసు. అయినా గొంతు తగ్గించింది.

"పట్టించలేదు, మంచి పని చేశావు. మీవాడి పేరేంటమ్మా? నమాజు చేసి దువా అడిగేటప్పుడు తలుచుకుంటాను."

స్క్రిప్టులో వాడికి పేరు లేదు. హంతకుడు అని రాసి ఉంది, అంతే. ఇన్షిరాహ్‌కి దుఃఖం పొంగుకొచ్చింది.

"యూనుస్," అంది. "పొద్దుట్నుంచీ వాడూ ఏమీ తినలేదు."