తోక ఉన్న అక్షరం

రొమేనియాలోని క్లుజ్ నగరంలో పేరున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్న్‌షిప్ స్మరాండా గ్రోజాకి దక్కిందంటే ఆమె తరగతిలో ఎవరికీ మింగుడుపడలేదు. ముందుగా స్మరాండాకే పడలేదు. మూడు నెలల పనికి ఐదు వడపోతలు. చివరిదాంట్లో, నియామకాలు చూసే ఒటీలియా మేడమ్ "నువ్వే జంతువైతే ఏ జంతువువి?" అని అడిగింది. స్మరాండా ముళ్లపంది అంది. మేడమ్ అది ఎంతోసేపు రాసుకుంది.

గదిలో తనతో ఉండే రుక్సాండ్రా త్సుర్లేయా తరగతికే మొదటిది. హాస్టల్లో సగంమంది ప్రోగ్రాములు ఆమె చేతి చలవతోనే నడిచేవి. ఆమెకు మాత్రం మొదటి వడపోతలోనే ఉత్తరం వచ్చింది: "మీ దరఖాస్తును మా నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు. విచారిస్తున్నాము."

పనిలో చేరిన మొదటి వారమంతా స్మరాండా పాస్‌వర్డ్ కోసం ఎదురుచూసింది. రెండో వారం, జట్టు పెద్ద హోరియా ఎవరూ ముట్టని పనొకటి ఆమెకు అంటగట్టాడు.

"దరఖాస్తులు వడగట్టే ప్రోగ్రాములో లెక్క తప్పుతోంది. నాలుగొందల పన్నెండొస్తే రెండొందల అరవయ్యే చూపిస్తోంది. ఏంటో చూడు."

మధ్యాహ్నం భోజనానికి ముందే దొరికింది. రొమేనియన్‌లో ఎస్, టీ అక్షరాలకు కింద చిన్న తోక తగిలిస్తే 'ష', 'త్స' అవుతాయి. పేరులో ఆ తోక కనబడగానే ప్రోగ్రాము దరఖాస్తును చెత్తబుట్టలో వేసి, మర్యాదగా విచారం తెలిపేది. రొమేనియాలో, రొమేనియన్ల కోసం, రొమేనియన్లే రాసిన ప్రోగ్రాము!

సరిచేసి మళ్లీ నడిపింది. రుక్సాండ్రా మూడో స్థానంలో ఉంది. తన పేరు కోసం వెతుక్కుంటూ కిందికి పోతే యాభై ఎనిమిదో వరసలో కనబడింది. తీసుకున్నది పదిమందిని. చెవులు వేడెక్కాయి. తెర మూసేద్దామా అనిపించింది. ఆ ఆలోచనకే సిగ్గేసి హోరియా దగ్గరికి వెళ్లింది.

"శభాష్! వచ్చే ఏటికి పనికొస్తుంది" అన్నాడతను.

"మరి ఈ ఏడు పోయినవాళ్లో? పిలవరా?"

పక్క బల్ల దగ్గరున్న ఒటీలియా మేడమ్ కల్పించుకుంది. "ఎలా పిలుస్తామమ్మా? క్షుణ్ణంగా పరిశీలించామని రాసిచ్చేశాం కదా. ఇప్పుడు పిలిస్తే పరిశీలించలేదని తెలిసిపోదూ?"

ఆ సాయంత్రం స్మరాండా జరిగినదంతా రుక్సాండ్రాకు పూసగుచ్చినట్టు చెప్పింది. తన యాభై ఎనిమిదో స్థానం కూడా దాచలేదు.

"ఇన్ని వారాల్నుంచి నా తెలివి మీదే నాకు అనుమానమొచ్చి చచ్చానే!" అంది రుక్సాండ్రా. కళ్లు తుడుచుకుని, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది. "తోక కోసేసి మళ్లీ పెడతా. చూద్దాం."

'తుర్లేయా' పేరుతో పెట్టింది. ఎవరో మానేసిన చోటుకని మూడోరోజే పిలుపు. ఐదు వడపోతలూ దాటింది.

"పేరు బాగుంది. ఇటలీ వాళ్లా?" అని మురిసిపోయింది ఒటీలియా మేడమ్.

"కాదండీ. మీరు క్షుణ్ణంగా పరిశీలించినవాళ్లం" అంది రుక్సాండ్రా. ఇంటర్న్‌షిప్ వద్దని లేచి వచ్చేసింది.

వారం తిరక్కుండానే రైల్వే స్టేషను పక్కన పళ్లడాక్టర్లకు ప్రోగ్రాములు రాసే నలుగురి కొట్లో చేరింది. అక్కడ ఇంటర్వ్యూ అంటే ఒక కాఫీ, ఒక చెడిపోయిన ప్రోగ్రాము. కాఫీ చల్లారేలోపు దాన్ని బాగుచేసింది.

స్మరాండా తన మూడు నెలలూ పూర్తిచేసింది. "క్షుణ్ణమైన పరిశీలనాశక్తి గల యువతి" అని ఒటీలియా మేడమ్ ఆమెకు యోగ్యతాపత్రం రాసిచ్చింది.