నోరు చూపించని ఉంగరం

పొద్దుటి డ్యూటీ దిగి, టికెట్ల మిషన్ డిపోలో అప్పజెప్పి, కండక్టరమ్మ నేరుగా నగల కొట్టుకు వచ్చింది. అక్క అప్పటికే గుమ్మంలో కాచుకుని ఉంది.

"ఏమే, యూనిఫాంలోనే ఊడిపడ్డావా?"

"బస్సులో బట్టలు మార్చుకుంటే ప్యాసింజర్లు ఊరుకుంటారా అక్కా?"

"ఇవాళైనా కాస్త మెల్లగా మాట్లాడు తల్లీ. అతను లోపలే ఉన్నాడు."

అతనంటే పెళ్లికొడుకు. ఫ్యాన్లూ మోటార్లూ అమ్మే కొట్టు అతనిది. మొదటి భార్య పోయి నాలుగేళ్లయింది. కండక్టరమ్మకు నలభై దాటాయి. ఆమె గొంతు వినగానే వచ్చిన సంబంధాలన్నీ వచ్చిన దారినే వెళ్లిపోయాయి. దీన్ని మాత్రం అక్క ఎంతో ఓపిగ్గా నిశ్చయం దాకా లాక్కొచ్చింది. ఉంగరం అతనే వేరే కొట్లో కొని తెచ్చాడు. వేలికి కాస్త వదులుగా ఉంటే సరిచేయించడానికి ముగ్గురూ ఇక్కడ కలిశారు.

కొట్టు పెద్దాయన ఉంగరాన్ని కండక్టరమ్మ వేలికి తొడిగించి, అలవాటుగా గుండ్రటి అద్దం ముందుకు జరిపాడు. అది వాళ్ల తాతగారి నాటి అద్దం. ఒంటి మీది నగలో బంగారం ఎన్ని పాళ్లుంటే మనిషి ముఖం అందులో అన్ని పాళ్లే కనిపిస్తుంది. తక్కువైనంత మేర గడ్డం నుంచి పైకి మాయమవుతుంది. మంచి నగకి గడ్డం అంచు మాత్రం పోతుంది. అది పోతే చాలు, ఆ వీధి ఆడవాళ్లు నిశ్చింతగా బిల్లు రాయించుకుంటారు.

కండక్టరమ్మ అద్దంలోకి చూసింది. కళ్లున్నాయి, ముక్కుంది. ముక్కు కింద వెనకున్న గోడ కనిపించింది.

"నా నోరేదీ?" అంది. మాట ఖంగున వినిపించింది గానీ అద్దంలో ఏమీ కదల్లేదు.

"పావు వంతు ఎగిరిపోయిందమ్మా," అన్నాడు పెద్దాయన. "బాబూ, ఇది ఎన్ని క్యారెట్లని చెప్పారు?"

"ఇరవై రెండు. లోపల తొమ్మిది వందల పదహారని అంకె కూడా ఉంది చూడండి," అన్నాడు పెళ్లికొడుకు.

పెద్దాయన భూతద్దం కంటికి ఆనించాడు. "అంకె ఉంది. వెయ్యి పాళ్లలో తొమ్మిది వందల పదహారు బంగారమని దానర్థం. మిగతాది రాగీ వెండీ. ఆ మాత్రం కలపకపోతే గిన్నెలు తోమితేనే ఉంగరం వంగిపోతుంది. కానీ అంకె ఒక్కటే ఉంటే సరిపోదు బాబూ. పక్కన హాల్‌మార్క్ ముద్ర ఉండాలి, ఆరు అక్షరాల కోడ్ ఉండాలి. కోడ్ ఫోన్లో కొడితే ఇది ఏ నగో, ఎక్కడ పరీక్షించారో అంతా వస్తుంది. దీని మీద ఆ రెండూ లేవు. అంకెదేముంది, సుత్తీ అచ్చూ ఉంటే ఎవరైనా కొట్టేస్తారు."

"మీ అద్దం మాటేనా, ఇంకేదైనా రుజువుందా?"

"అద్దం రసీదు ఇవ్వదు కదా. పక్కనే పరీక్ష కేంద్రం ఉంది, పంపిద్దాం."

పరీక్ష కేంద్రం మనిషి వచ్చి ఉంగరం పట్టుకెళ్లాడు. పగలంతా మూసిన గదిలో మిషన్ గుయ్ మంటుంటే దాని పక్కన ఒంటరిగా కూర్చునేవాడు అతను. కాసేపటికి కాగితంతో తిరిగొచ్చాడు.

"ఏడు వందల యాభై. పద్దెనిమిది క్యారెట్లు."

"ఇరవై రెండు క్యారెట్లకి డబ్బు తీసుకుని పద్దెనిమిది అంటగట్టారన్నమాట," అంది కండక్టరమ్మ. "పదండి, ఆ కొట్టుకే పోదాం. వాడి సంగతి నేను మాట్లాడతాను."

పెళ్లికొడుకు ముందుకు జరిగాడు. ఉంగరం మళ్లీ ఆమె వేలికి తొడిగి, అద్దంలోకే చూస్తున్నాడు. చూస్తుండగానే అతని ముఖం విప్పారింది.

"గొడవలెందుకండీ? ఎవరు చూడొచ్చారు? నాకైతే ఇదే నచ్చింది. ఇలా ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూడండి!"

రద్దీ బస్సులో ఆ చివర నిలబడినవాడి చేత కూడా టికెట్ కొనిపించే కండక్టరమ్మ, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

"మిమ్మల్నెవరో మోసం చేశారు. అందులో మీ తప్పేం లేదు. కానీ ఆ అద్దంలో మీకు నచ్చింది నేను కాదండీ." ఉంగరం తీసి అతని అరచేతిలో పెట్టింది.

అతను అక్క వైపు చూశాడు. అక్క నేల చూపులు చూసింది. అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇక అక్క శాపనార్థాలు మొదలుపెడుతుందని కండక్టరమ్మ కాచుకుంది. అక్క మాత్రం కళ్లు తుడుచుకుంది. "నన్ను చదువు మాన్పించబోతే నాన్నతో కలబడింది ఆ నోరే కదే. అది లేకుండా నిన్ను చూస్తే నాకు పరాయి మనిషిని చూసినట్టయింది. పెద్దాయనా, దీనికి సరైన ఉంగరం ఒకటి చూపించండి."

"డబ్బు నేనే ఇస్తాను," అంది కండక్టరమ్మ.

"ఇచ్చుకో. నేనేమన్నా వద్దన్నానా?"

సన్న ఉంగరం ఒకటి కుదిరింది. ముద్ర, అంకె, కోడ్ మూడూ ఉన్నాయి. కండక్టరమ్మ ఫోన్లో కోడ్ కొట్టి, వచ్చిన వివరాలన్నీ గట్టిగా చదివింది. అవతలి వీధిలో ఇద్దరు తలుపులు తీసి చూశారు. అద్దంలో గడ్డం అంచు మాత్రం పోయింది. పరీక్ష కేంద్రం మనిషి పని అయిపోయినా కదల్లేదు, గుమ్మానికి ఆనుకుని చివరి దాకా విన్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, కిక్కిరిసిన బస్సులో పరీక్ష కేంద్రం మనిషి కనిపించాడు. అతని ఇల్లు ఆ కేంద్రం మేడ మీదే, బస్సెక్కాల్సిన పనే లేదు.

"ఇటెక్కారేంటి? ఎక్కడికి?" అని అరిచింది కండక్టరమ్మ.

"మీరెక్కడి దాకా మాట్లాడుతూ వెళతారో అక్కడికే, ఒక టికెట్."

"చివరి స్టాపు దాకా ఊరుకోను మరి."

"అయితే రానూపోనూ కొట్టండి."

బస్సులో అందరూ అటు తిరిగారు. కండక్టరమ్మ ఏదో అనబోయింది. నవ్వొచ్చేసింది. మిషన్ నొక్కి, టికెట్ చింపి, అతని చేతిలో పెట్టింది.