చిన్నగదిలో ఖాళీ లేదు

వెనిగర్‌లో తడిపిన పాత పేపరుతో మేబెల్ అద్దాన్ని రుద్దుతూనే ఉంది. అద్దంలో చెక్కిన ద్రాక్షతీగ సందుల్లో పట్టిన పొగాకు పసుపు గోటితో గీకితే తప్ప వదలదు. అద్దం కింద నిగనిగలాడే మహాగని చెక్క, దాని కింద ఆకుపచ్చ పింగాణీ పలకలు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో కట్టిన పబ్బు అది. మగవాళ్ల చూపు పడకుండా ఆడవాళ్లు కూర్చుని తాగడానికి ఈ అద్దాల అడ్డు కట్టి చిన్నగది చేశారు. గ్లాసు అందుకోవడానికి కౌంటరు వైపు ఓ కిటికీ.

"ఇంకెందుకు తల్లీ తుడవడం? ఇవాళ పీకేస్తున్నారుగా," అన్నాడు పబ్బు నడిపే క్లిఫర్డ్, మొహం తిప్పుకుని.

"పీకేదాకా మురికిగా ఉండాలా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మిల్లులో పని దిగి వాళ్లమ్మ, అమ్మమ్మ నడుం వాల్చింది ఈ బెంచీ మీదే. మేబెల్ మాత్రం పనిమనిషి గనక ఏనాడూ కూర్చోలేదు.

పబ్బు తెరిచే వేళకు ఆ పబ్బు సొంతదారైన బీరు కంపెనీ మనిషి పనివాళ్లతో దిగాడు. అంతా ఒకే హాలు చేస్తే జనం ఎగబడతారట! మేబెల్ చీపురు అడ్డం పెట్టింది. అతగాడు అక్కడికక్కడే ఆమెను పనిలోంచి తీసేశాడు.

"మంచి పని చేశావు నాయనా. ఇక నేనూ కస్టమర్నే."

ఏప్రన్ విప్పి చిన్నగదిలో దర్జాగా కూర్చుంది. కిటికీ తట్టి అర గ్లాసు నల్లబీరు పొయ్యమంది.

గ్లాసులో బీరున్నంతసేపూ ఆ చోటు తాగేవాళ్లదే. వాళ్లను లేపడానికి ఆ పేటలో ఎవరికీ చేతులు రావు. గునపాలు పట్టుకొచ్చిన వాళ్లూ ఆ పేటవాళ్లే. మేబెల్ పెదవి తడుపుకోవడం, గ్లాసు దించడం. మధ్యాహ్నం పబ్బు మూసేసరికి వాళ్లు విసిగి వెళ్లిపోయారు. మర్నాడూ అదే తంతు. ఆపైన పేటలోని ముసలమ్మలంతా గ్లాసులతో తోడొచ్చారు. కంపెనీ మనిషి కారాలు మిరియాలు నూరాడు.

చలి ముదిరిన ఓ రాత్రి మేబెల్ నిద్రలోనే పోయింది. కబురు పబ్బుకు చేరేసరికి గునపాలు మళ్లీ గుమ్మంలో ఉన్నాయి. తోడొచ్చే ముసలమ్మలు శవం దగ్గరున్నారు.

"ఇక అడ్డెవరు? కానివ్వండి," అన్నాడు కంపెనీ మనిషి.

క్లిఫర్డ్ పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఎదురుచెప్పిన మనిషి కాడు. అర గ్లాసు నల్లబీరు పోసి, కిటికీలోంచి చెయ్యి చాచి చిన్నగది బల్లమీద పెట్టాడు.

పనివాళ్లలో పెద్దవాడు అది చూశాడు. టోపీ తీసి, గునపం గోడకు ఆనించాడు.

"లోపల మనిషుందయ్యా," అన్నాడు.

ఖాళీ బెంచీ ముందు, ఎవరూ ముట్టని ఆ గ్లాసులో నురగ మెల్లగా దిగుతోంది.