అప్‌డేట్ నొక్కిన శుక్రవారం

నా స్క్రీన్ మీద ఎర్ర గుర్తు కనిపిస్తే నాకు అన్నం సయించదు. దుబాయ్ జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఓ కార్గో కంపెనీలో పదకొండేళ్లుగా డాక్యుమెంట్లు చూస్తున్నాను. కంటెయినర్ కాగితాల్లో ఏదైనా పెండింగ్ ఉంటే మా సిస్టమ్‌లో దాని పక్కన ఎర్ర చుక్క పడుతుంది. సాయంత్రం నేను కుర్చీలోంచి లేచేసరికి ఒక్క చుక్క మిగలదు. మా ముదీర్, అదే మా మేనేజరు, ఈ మాట నలుగురిలో చెప్పినప్పుడల్లా నాకు మీసం మెలెయ్యాలనిపించేది. అంజిబాబు పని మిగల్చడని పేరు. ఆ పేరే ఓ మనిషి కొంప ముంచింది. కాదు, పేరు ముంచలేదు, నేనే ముంచాను. మొదట్లోనే నేరం పేరు మీదికి తోసేశానంటే నాకింకా బుద్ధి రాలేదన్నమాట.

ఇది 2017 సంగతి. అప్పుడు మేం ఇంటర్నేషనల్ సిటీలో, ఇంగ్లాండ్ క్లస్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆవిడ ఆమని తెలుగువాళ్ల పుట్టినరోజులకీ ఓణీ ఫంక్షన్లకీ తీసిన వీడియోలు ఇంట్లో కూర్చుని ఎడిట్ చేసేది. ఆమె నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో తప్ప నడవదు. మ్యాక్ కొనే స్తోమత మాకు లేదు. మా పక్క ఫ్లాట్‌లో నలుగురితో కలిసి ఉండే ఖాదర్ హుస్సేన్ ఈ గోడు విన్నాడు. అతనిది ప్రొద్దుటూరు. ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసే పని.

"మామూలు కంప్యూటరే కట్టి, దాంట్లో మ్యాక్ నడిపిస్తా వదినా," అన్నాడు.

ఏ పార్టు పెడితే ఆ పార్టుతో అది నడవదట. బర్ దుబాయ్ కంప్యూటర్ షాపుల్లో కాళ్లరిగేలా తిరిగి, దానికి సరిపడే బోర్డూ గ్రాఫిక్స్ కార్డూ వెతికి తెచ్చాడు. వైఫై కార్డు ఎవరిదో పగిలిన మ్యాక్‌లోంచి ఊడదీసింది. రెండు శుక్రవారాలు మా హాల్లో చాప పరిచి కూర్చున్నాడు. ఆమని టార్చి పట్టుకునేది. నేను సోఫాలో కూర్చుని అజమాయిషీ చేసేవాణ్ణి. మొదటి శుక్రవారం బొమ్మ వచ్చింది గానీ శబ్దం రాలేదు. రెండో శుక్రవారం పాట వినపడగానే ఆమని చప్పట్లు కొట్టింది. ఖాదర్ పైసా పుచ్చుకోలేదు. గుత్తివంకాయ కూరతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడంతే.

వెళ్లేముందు నన్ను కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "అన్నా, ఇది మ్యాక్ కాదు. నేను మ్యాక్‌నే అనుకుంటా ఉండాది, అంతే. అప్పుడప్పుడు అప్‌డేట్ చెయ్యమని అడుగుతాది, ఎర్రగా ఒకటి అని చూపిస్తాది. నొక్కొద్దు. నొక్కినావంటే ఖలాస్, తెర నల్లగా అయిపోతాది. ముందు నాకు ఫోన్ చెయ్యి."

'అప్‌డేట్ నొక్కరాదు' అని చీటీ రాసి మానిటర్ అంచున అంటించాడు కూడా. వారం తిరక్కుండా ఆ చీటీ పీకేశాను. వచ్చినవాళ్లు చూస్తే ఏం బావుంటుంది? ఆఫీసులో ఒకణ్ణి అడిగి ఆపిల్ స్టిక్కర్ తెచ్చి కేబినెట్ మీద అతికించాను. మ్యాక్ కొన్నామని నలుగురికీ చెప్పుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు నా గురించే అని ఉంటారు.

ఆరు నెలలు తిరిగేసరికి ఖాదర్ కంపెనీ మూతపడింది. వీసా రద్దయింది. నెల రోజుల్లో ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, దొరక్కపోతే విమానం ఎక్కాల్సిందే. కరామాలో పెళ్లి వీడియోల స్టూడియో నడిపే రామ్మోహనరావు గారు ఆమని చేసిన పని చూసి, ఇలాంటి యంత్రాలు నాలుగు కట్టి, కనిపెట్టుకుని ఉండే మనిషి దొరికితే వీసా ఇస్తానన్నారు. అయితే ఆ యంత్రం నడుస్తుంటే కళ్లారా చూడాలన్నారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రావడానికి ఒప్పుకున్నారు. ఖాదర్‌కి అప్పటికి గడువు పన్నెండు రోజులుంది.

"అన్నా, నా బతుకు మీ ఇంట్లో బల్ల మీద ఉండాది," అని నవ్వాడు.

శుక్రవారం పొద్దున ఆమని కూరగాయలకి వెళ్లింది. నేను బల్ల తుడిచాను, తెర తుడిచాను. తెర కింద ఎర్రగా ఒకటి. ఆయన వచ్చేసరికి పెండింగ్ ఒకటి అలా వెలుగుతుంటే అంజిబాబు ఇంటి పరువేం కాను? ఖాదర్ మాట గుర్తురాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. ఈ కంప్యూటర్ల వాళ్లు అన్నిటికీ ఇలాగే భయపెడతారులే అనుకున్నాను. నొక్కాను.

అరగంట గీత పాకింది. ఆపిల్ బొమ్మ వచ్చింది. తర్వాత తెర నల్లబడింది. ఆపి మళ్లీ వేశాను, నాలుగుసార్లు. ఏసీ కింద చొక్కా తడిసిపోయింది. ఖాదర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్, జుమ్మా నమాజుకి వెళ్లాడు. రెండింటికి అతనే తిరిగి చేశాడు. "ఏందన్నా, ఫోన్ చేసినావు?" అన్నాడు. "ఏం లేదు, టైముకి వస్తున్నారా అని," అన్నాను. అప్పుడు చెప్పినా సరిపోయేది. ఇంకో రోజు రమ్మని రావుగారిని అడిగేవాడు. నేను ఫోన్ పెట్టేసి, యంత్రం మీద గుడ్డ కప్పి భోజనం చేశాను. అన్నం బాగానే సయించింది, అదీ రాయాలి కదా.

నాలుగింటికి వచ్చారు. ఖాదర్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుడ్డ తీసి మీట నొక్కాడు. ఆపిల్ బొమ్మ, ఆ తర్వాత చీకటి. అతను నా వైపు తిరిగాడు.

"ఎవరన్నా ఏమన్నా నొక్కినారా అన్నా?"

"అబ్బే, మేం ముట్టుకోనే లేదు," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కదా నేను. "నిన్నటి నుంచీ అదోలా ఉంది. నేనూ నీకు చెబుదామనే అనుకున్నా," అని కలిపాను.

ఆమని నా వైపు ఆశ్చర్యంగా చూసింది. నిన్న రాత్రి దాకా ఆమె దాని మీదే పనిచేసింది. నా ముఖం చూసి, రావుగారికి టీ కప్పు అందించింది.

ఖాదర్ ఏవో మీటలు కలిపి నొక్కాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తి ఒకచోట ఆగాయి. ఆ వరస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. తర్వాత యంత్రం ఆపేసి లేచాడు.

"సార్, నా పనిలోనే తేడా ఉండాది. రెండు రోజులు టైమిస్తే సరిచేస్తా."

రామ్మోహనరావు గారు టీ కప్పు పక్కన పెట్టారు. "అది కాదు బాబూ, రేపు పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడ్డ రోజున ఇలా అయితే నేనేం చెప్పుకోవాలి? చూద్దాంలే," అన్నారు. దుబాయ్‌లో 'చూద్దాంలే' అంటే ఏమిటో మా అందరికీ తెలుసు.

ఆదివారం సాయంత్రం ఖాదర్ వచ్చి దాన్ని బాగుచేశాడు. గ్రాఫిక్స్ కార్డుకి కొత్త డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఏదో ఆ రోజే వచ్చిందట. "ఏమైందసలు?" అని నేనే అడిగాను, సిగ్గు లేకుండా. "ఏదో డ్రైవర్ అన్నా," అన్నాడు తల ఎత్తకుండా. ఆ ఎర్ర గుర్తు ఇంకెప్పుడూ కనపడకుండా చేసి వెళ్లాడు. అతను వెళ్లాక ఆమని అడిగింది, "ఏవండీ, మీరే ఏమైనా నొక్కారా?" అని. కసిరాను.

నొక్కింది నేనేనని చెప్పడానికి రావుగారి నంబరు నా ఫోన్‌లోనే ఉంది. సోమవారం ఆఫీసులో పని ఎక్కువైంది. మంగళవారం ఆయన బిజీగా ఉంటారనుకున్నాను. బుధవారం, ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఏం చేశావంటారని ఆగాను. అలా రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది, చెప్పకపోవడం అలవాటైంది. పని మిగల్చని అంజిబాబు దగ్గర ఆ ఒక్క ఫోను పన్నెండు రోజులు పెండింగ్‌లో ఉండిపోయింది.

ఖాదర్ టికెట్ తీసుకున్నాడు. షార్జా ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. దారంతా అతను ఆమని వీడియోల గురించే మాట్లాడాడు. టెర్మినల్ గుమ్మం ముందు కారు ఆపి, అతను ట్రాలీ కోసం వెళ్లగానే ఎందుకో ఇంక ఆగలేకపోయాను. రావుగారికి ఫోన్ చేసి, ఆ శుక్రవారం నొక్కింది నేనేనని చెప్పేశాను.

"అయ్యో, అంజిబాబు గారూ! ఆ కుర్రాడు నచ్చాడండీ నాకు. ఎవరైనా అతని తరఫున ఒక్క మాట చెబుతారేమోనని మొన్నటిదాకా ఎవర్నీ పెట్టుకోలేదు. మొన్ననే ఇంకొకతనికి వీసా అప్లై చేశాను," అన్నారు.

ఖాదర్ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. పెట్టె ఎత్తి దాని మీద పెట్టి, అతని ముఖం చూడలేక పెట్టె తాళాన్ని చూస్తూ అన్నాను, "ఖాదర్, ఆ రోజు అప్‌డేట్ నొక్కింది నేనే."

"తెల్సన్నా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దే. ఏ వెర్షన్ ఎక్కిందో తెర మీదే రాసి ఉండాది కదా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా? నీ వీసా కదా!" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది, తప్పంతా అతనిదైనట్టు.

"అన్నం పెట్టిన ఇంట్లో, వదిన ముందర నిన్ను అబద్ధాలోడని ఎట్లంటానన్నా?" అన్నాడు. జేబులోంచి ఆ యంత్రాన్ని బాగుచేసే పెన్ డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. "దినామూ ఫోన్ చూసుకుంటాంటి. నువ్వే రావుగారికి చెప్తావని చూసినా."

ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. నేను పెన్ డ్రైవ్ పట్టుకుని, వెనకాల కార్లు హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను.