సైరన్ ఆగిపోయినాక

"చెట్లకు నీళ్లు పోసేది ఆడోళ్ల పని. నువ్వే పొయ్" అని బిందెను నా కాళ్ల మీదికి తన్నినాడు మా ఆయన పాపన్న. గనివాళ్లు ఆ పని ఇచ్చింది ఆయనకు. జీతం ఆయనకు. గని అంచున నాటిన కానుగ మొక్కలు మాత్రం నా నడుము మీద బతికినాయి. కొళాయి కాడ బిందె నింపుకుని మట్టికుప్ప ఎక్కేది, దిగేది, మళ్లీ ఎక్కేది. ఇంటికొస్తే సంగటి కెలకాల, అంట్లు తోమాల, ఆయన స్నానానికి నీళ్లు కాంచాల. "పొద్దంతా నువ్వు చేసేదేముందే తిప్పీ?" అని అడిగేవాడు. ఏమి చెప్పేది ఆ మనిషికి!

ముందర ఆయన పని వేరే. మాది గుత్తి పక్క సున్నపురాయి గని. రోజూ మధ్యాహ్నం మందు పెట్టి రాయిని పేల్చేవాళ్లు. పేల్చేముందు సైరన్ కూసేది. మా ఆయన ఎర్రజెండా పట్టుకుని, విజిల్ ఊదుకుంటా, మా గని కాలనీలో అందరినీ ఇండ్లలోకి తోలేవాడు. "రాళ్లు ఎగురుతాయి, తలుపులేసుకోండప్పా! ఎవురూ బయటికి రావద్దు!" అని అరిచేవాడు. గని దిక్కు చివరి ఇల్లు మాదే. అందరూ తలుపులేసుకున్నాక జెండా చుట్టుకుని మా ఇంట్లోకే వచ్చి గడియ పెట్టేవాడు.

గడియ పెట్టినాక ఏమి జరిగేదో చెప్తా. దాచిపెట్టేదానికి ఇంగేముండాది? కూరలో ఉప్పు, పక్కింటి రామక్కతో నేను మాట్లాడింది, మేస్త్రీ ఆయన్ను తిట్టింది, ఏదో ఒక సాకు. జుట్టు పట్టి గోడకు కొట్టేవాడు. కిందపడితే కడుపులో తన్నేవాడు. జెండా కట్టెతో వీపు వాయించేవాడు. నేను పండ్లు బిగించుకుని కాచుకునేదాన్ని, పేలుడు ఎప్పుడొస్తాదా అని. ధడేల్‌మని నేల అదిరినప్పుడు నోరు తెరిచి ఏడ్చేదాన్ని. ఆ ఒక్క సద్దులోనే నా ఏడుపంతా అయిపోవాల. గూట్లో గిన్నెలు పడతాండాయి, గోడల సున్నం రాలతాండాది, అందరి ఇండ్లలోనూ అదే గోల. నా అరుపు ఎవరికి వినపడాల? మళ్లీ సైరన్ కూసినాక ఆయన మొగం కడుక్కుని, జెండా పట్టుకుని, "ఇంగ రాండప్పా, ఏం భయం లేదు" అని కాలనీకి చెప్పేదానికి పోయేవాడు.

ఒకనాడు కొట్టిన దెబ్బకు ఎడమ చెవిలోంచి రక్తం కారింది. అప్పటినుంచి ఆ పక్క ఏమీ వినపడదు. గుత్తిలో డాక్టరుకు ఆయనే చెప్పినాడు, "గనిలో పేలుళ్లకు సార్, పాపం దీని చెవి పోయింది" అని. పాపం అంట! నేను తల ఊపినా. ఇంటికొచ్చి, ఊరినుంచి వచ్చిన మా అత్తకు చూపిస్తే, "మొగోడు ఎండలో జెండా పట్టుకుని నిలబడి వస్తాడు. కోపం యాడ పెట్టుకోవాల? పోయి రాయిని కొడతాడా?" అనింది. రాయిని పగలగొట్టేదానికే ఇంతమంది జాగ్రత్త పడతాండారు కదత్తా, అనాలనిపించింది.

పోయిన ఎండాకాలం గని పద్ధతి మారింది. దేశంలో గనులన్నీ మారాలంట. భూమినీ గాలినీ జనాన్నీ చెడగొట్టకుండా రాయి తీయాలంట. అట్ల తీసిన గనులకు హోటళ్లకు ఇచ్చినట్ల స్టార్లు ఇస్తారంట. మందు పెట్టేది మానేసి, రాయిని గీరి తీసే పెద్ద మిషన్ తెచ్చినారు. దుమ్ము లేవకుండా ట్యాంకరు నీళ్లు చల్లతాది. గుంతల చుట్టూ మట్టి పోసి మొక్కలు నాటినారు. మంచిపనేనప్పా, నేను కాదనను. ఆరేసిన గుడ్డలు తెల్లగా ఉంటాండాయి. రామక్క మనవరాలికి దగ్గు తగ్గింది. సైరన్ పోయింది, దాంతోపాటే ఎర్రజెండా పనీ పోయింది. మా ఆయన చేతికి నీళ్ల బిందె ఇచ్చినారు.

"జెండా ఎత్తితే లారీలు నిలబడేవే! ఇప్పుడు నా చేత బిందె పట్టిచ్చినారు" అని తాగి ఏడ్చినాడు. ఏడ్చి, లేచి, నన్ను కొట్టినాడు. ఇప్పుడు కాలనీలో చెంచా కిందపడినా పక్కింటికి వినపడతాది. అందుకని నా చీర కొంగే నా నోట్లో కుక్కి కొట్టేది నేర్చుకున్నాడు. నాకు ఏడ్చేదానికి ఆ పేలుడు కూడా లేకపాయె. చెప్తే నవ్వుతారేమో, మధ్యాహ్నమైతే నా పానం దానికోసం ఎదురుచూసేది.

మొన్న స్టార్లు ఇచ్చేవాళ్లు వచ్చినారు. కాలనీలో సద్దు ఎంతుండాదో కొలవాలంట. గనికి దగ్గరిల్లు, పైగా పేలుళ్లకు చెవి పోయిన ఆడమనిషి ఉండే ఇల్లు అని, మా వాకిట్లోనే మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి దాని మీద మీటరు పెట్టినారు. నందిని మేడం అని చిన్న వయసు ఆఫీసరు, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునింది. గని మేనేజరు దివాకర్ సారు పెదాల మీద వేలు పెట్టి అందరికీ సైగ చేసినాడు. కాలనీ అంతా గమ్మునయింది.

లోపల నేను వాళ్లకు టీ పెడతాండా. పాలు విరిగినాయి. ఈ ఎండకు విరగక ఏం చేస్తాయి? మా ఆయన లోపలికొచ్చి గిన్నెలోకి చూసినాడు. తలుపు మెల్లగా మూసినాడు. గడియ మెల్లగా పెట్టినాడు. జుట్టు పట్టి నన్ను పొయ్యి మీదికి వంచినాడు. మంట సెగ మొగానికి కొడతాండాది. ఒక చేత్తో నా నోరు మూసి, నాకు వినపడే చెవిలో గుసగుసగా అన్నాడు, "సార్ల ముందర నా మానం తీస్తావా? బయట మీటరు నడుస్తాండాది. కిక్కురుమంటివా, ఈ చెవి కూడా ఉండదు."

ఆ ఒక్క చెవితోనే రామక్క పిలిస్తే పలుకుతాండా. ఆ ఒక్క చెవితోనే మా అమ్మతో ఫోన్లో మాట్లాడతాండా. అదీ పోతే నేను బతికేది ఎట్ల? నోటి మీది చేతిని కొరికినా. రక్తం నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు. ఆయన వెనక్కి తగ్గినాడు. విరిగిన పాల గిన్నెను పట్టుకారుతో ఎత్తి ఆయన కాళ్ల మీద కుమ్మరించినా.

ఆయన అరవలేదు. కాళ్లు కాలినా, పండ్లు బిగించుకుని, కండ్లలో నీళ్లు పెట్టుకుని గమ్మున నిలబడినాడు. ఇన్నేండ్లూ నేను నిలబడినట్లే.

నేను అరిచినా. దేనికోసమూ కాచుకోకుండా, గొంతు చీరుకుపోయేదాకా అరిచినా. గడియ తీసి వాకిట్లోకొచ్చి అరిచినా.

మీటరు మీద ఎర్రలైటు వెలిగింది. రామక్క తలుపు తెరిచింది, దాని పక్క తలుపూ తెరుచుకునింది, ఆ వరసంతా తెరుచుకునింది. దివాకర్ సారు ముందు మీటరు కాడికే పరిగెత్తినాడు. "ఏం తల్లీ, కొలతంతా చెడగొడితివే! మేడం, ఇది లెక్కలోకి తీసుకోవద్దు. ఇది ఇంటి సంగతి, గనిది కాదు" అంటా దాన్ని ఆపేదానికి చెయ్యి పెట్టినాడు. నా వెనక మా ఆయన చేతికి తువ్వాల చుట్టుకుని కుంటుకుంటా వచ్చినాడు. "దానికి పిచ్చి సార్. పేలుళ్లకు చెవి పోయినప్పటి నుంచి ఇట్లనే."

నందిని మేడం వచ్చి నా ఎడమ పక్కన నిలబడి ఏదో అడిగింది. వినపడలేదు. కుడి పక్కకు రమ్మని చెయ్యి చూపించినా. వచ్చి మళ్లీ అడిగింది. "నీ చెవి పేలుళ్లకేనా అమ్మా పోయింది?"

"కాదు. ఈ మనిషి చేత్తో పోయింది" అన్నా. "ఆ మీటరు ఆపొద్దు మేడం. గనిలో పేల్చేది ఆపినారు. మా ఇంట్లో ఇంగా ఆపలేదు."