ఇరవై ఒక్క రోజుల తడి

పెరట్లో కొత్తగా పోసిన బట్టలుతికే దిమ్మె మీద తడి గోనెసంచి కప్పి ఉంచారు. దాన్ని తీసి తీగ మీద ఆరేశానని ఆ పొద్దున మా ఆయన గొడవ పెట్టుకున్నాడు.

"నాలుగొద్దులు గాలే, గప్పుడే ఎండబెడ్తివి. పర్రెలు పడితె?"

"సంచి కంపు కొడుతుంది. జర మీరే వాసన చూడుండ్రి."

"సిమెంటుకు నీళ్లు గావాలె, వాసన గాదు," అంటూ బిందెడు నీళ్లు పోశాడు. భానుప్రకాశ్ కొత్త కాలువ పని మీద వర్క్ ఇన్‌స్పెక్టరు. నీళ్ల విలువ తెలిసినవాడే.

పెరుగు పోయడానికి వచ్చిన సాయమ్మ గడప దగ్గర నవ్వింది. ఆమె ఇల్లు కాలువ కట్టకు సరిగ్గా కిందే ఉంటుంది.

"గింత దిమ్మెకు గన్ని నీళ్లా, సారూ? మా ఇంటి మీది కాలువ గోడకు ఒక్క ట్యాంకరన్న రాకపాయె. మేకలు ఒరుసుకుంటె ఇసుక రాలవట్టె."

ఆయన చాయ్ సగంలో వదిలేసి బండి తీశాడు.

నాకు పోయిన ఆదివారం గుర్తొచ్చింది. ఆ గోడకు రోజూ నీళ్లు పట్టినట్టు లెక్క రాసే రిజిస్టరు ఇంటికి తెచ్చాడు. నా రాత బాగుంటుందని నాతో రాయించాడు. ఇరవై ఒక్క రోజులు, రోజుకు మూడు పూటలు. ఆయన చెబుతుంటే స్కేలు పెట్టి గీతలు గీసుకుని రాశాను. నడుమ పెన్ను మార్చమన్నాడు, మార్చాను. ఆ తేదీల్లో మా అమ్మాయి శ్రుతి పుట్టినరోజు కూడా ఉంది. ఆ రోజు ఆయన ఇల్లు కదలలేదని నాకు తెలుసు. ఆ వరుసలోనూ మూడు పూటలూ నింపాను.

మధ్యాహ్నం ఆటో ఎక్కి సాయమ్మ ఇంటికి వెళ్లాను. కట్టెక్కి తాళంచెవితో గోడను గీకితే బూడిదలాంటి పొడి రాలింది. కింద వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి, వేపకొమ్మకు మనవరాలి ఊయల.

"ఎల్లుండి కాలువల నీళ్లిడుస్తరట. ఇంక బోరింగుకాడ లైను నిలబడే పని లేదు," అంది సాయమ్మ సంతోషంగా.

రాత్రి భోజనాల దగ్గర అత్తమ్మ లక్ష్మీదేవమ్మ రొట్టెలు వడ్డిస్తోంది.

"గోడ చూసొచ్చిన," అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. "ట్యాంకరు కాంట్రాక్టరు పంపాలె. పంపలే. పై సారేమో రిజిస్టరు నిండాలె అన్నడు. నన్నేం జెయ్యమంటవ్?"

"నీళ్లిడిచేది ఆపమని చెప్పుండ్రి."

"చెప్తె మొదలు నా నౌకరే పోతది. సంతకం నాది."

"ఏమైంది భానూ?" అంది అత్తమ్మ. శ్రుతి వాళ్ల నాన్ననూ నన్నూ మార్చి మార్చి చూసింది.

నేను ఆయన కంచంలో పప్పు వేశాను.

"సంతకం మీదైతే రాత నాది. రేపు పొద్దున మీ ఆఫీసుకొస్త. ఆ ఇరవై ఒక్క రోజులు ఇంట్ల కూసోని ఒక్క పూటల రాసిన్నని పెద్ద సారుకు చెప్త. మీరొస్తె మీ బండి మీద, లేకుంటె ఆటోల."